కూర్మమ్మ గాలి తుపాకి

కూర్మమ్మ పుట్టింది కళింగపట్నం దగ్గర పల్లెలో. తండ్రి సముద్రం మీద వేటకి పోని రోజుల్లో, వంశధార సముద్రంలో కలిసే మొగలో, మోకాటి లోతు నీళ్లలో నిలబడి బల్లెంతో చేపలు పొడిచేవాడు. కొడుకులు తెప్ప మీదికి పోయేవాళ్లు కాబట్టి పక్కన తోడు ఈ పిల్లే. "సేప అవుపడ్డ కాడ పొడవకే, దాని కిందకి పొడు. నీళ్లు అబద్దాలాడతాయి" అని చెప్పేవాడు. నీళ్లలో చేప ఉన్న చోటికంటే కాస్త పైన కనిపిస్తుంది. ఆ సంగతి పిల్ల బుర్రకంటే ముందు చేతికి ఎక్కింది. పొడిచిన ప్రతిసారీ చెయ్యి దానంతటదే కిందికి వాలేది.

పెళ్లయింది. మొగుడి తెప్ప ఒక తుఫానులో తిరగబడింది. మనిషి ఒడ్డుకి రాలేదు. అన్న వచ్చి "నా ఇంట ఓ మూల పడుండు" అన్నాడు. మంచిమాటే చెప్పాననుకున్నాడు పాపం. ఆమెకి "పడుండు" అన్నది నచ్చలేదు. గంప నెత్తికెత్తుకుని ఆమదాలవలస వచ్చేసింది. స్టేషను వెనక వీధిలో ఓ తాటాకిల్లు, దానికో పెరడు అద్దెకి తీసుకుంది. పల్లెల్లో తడి ఆరని ఉప్పుచేప కొని తెచ్చి, పెరట్లో చాపల మీద మళ్లీ గలగలమనేలా ఎండబెట్టి, రైల్వే క్వార్టర్లకీ సంతలకీ సాలూరు లారీల వాళ్లకీ అమ్మేది. వీధిలో అందరూ ఆ వాసనని తిట్టేవాళ్లు. ఆదివారం అందరూ కొనేవాళ్లు. అన్న ఇంటి మూలకి తిరిగి వెళ్లకుండా ఆమెను నిలబెట్టింది ఆ పెరడే.

ఆ పెరట్లోకి పందికొక్కులు దిగాయి.

అవి ఎక్కడి నుంచి వచ్చేవో వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. పెరటి వెనక పొట్టి ప్రహరీగోడ నరసింగరావు గారి గోదాముది. మిల్లూ పొలాలూ ఉన్న మనిషి ఆయన. ఆ ఏడు బియ్యం దొరక్క జనం రేషను కొట్టు దగ్గర బారులు తీరి నిలబడుతున్నారు. లెవీ కింద సర్కారు వాటా ధాన్యం ఇమ్మని పై ఆఫీసర్లు అడిగితే తన దగ్గర గింజ లేదన్నాడు నరసింగరావు. గింజ లేని ఆ గోదాము పునాది కింద పందికొక్కులు పిల్లికూనలంత బలిశాయి. గోడ కింద కన్నం చేసుకుని, పొద్దుగుంకే వేళా తెల్లారగట్లా కూర్మమ్మ చాపల మీదికొచ్చి, తిన్నది తిని తిననిది కొరికి పోయేవి. పందికొక్కు ముట్టిన చేపని ఎవరు కొంటారు?

ఆమె వెళ్లి చెప్పుకుంది. నరసింగరావు వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. వెనక గోడకి రెండు గొట్టాల తుపాకి వేలాడుతోంది. దాంతో ఆయన ఒక్క పిట్టని కొట్టగా ఎవరూ చూడలేదు. పిట్టల కోసం పెట్టింది కాదది. కౌలు రైతులొచ్చి కూచునే బల్లకి సరిగ్గా ఎదురుగా పెట్టింది.

"నీ చేపల కంపుకి వస్తున్నాయే అవి. నీ యాపారం ఊరవతల పెట్టుకో" అన్నాడాయన.

"కంపుకొస్తే వచ్చినాయి బావూ, తిని ఎక్కడికెల్లి పడుకుంతన్నాయో సూడండి. నా పెరట్లో కూర, మీ గోదాంలో కూడు. రెండు పూటలా బోజనం అమరినాది వాటికి."

"గోదాంలో ఏముందే? ఖాళీ గోనెలు!"

"అయితే ఖాళీ గోనెలు తినే ఇంతలావయినాయన్నమాట" అని కూర్మమ్మ రెండు చేతులూ చాచి చూపించి వచ్చేసింది.

చెక్క బోను పెడితే దాన్ని కొరికేసి పోయాయి. పిల్లిని తెస్తే పందికొక్కులకంటే ఎక్కువ చేపలు అదే తినేసింది. విషం పెట్టమన్నారు కొందరు. జనం తినే సరుకు పక్కన విషమేమిటని ఆమె ఒప్పుకోలేదు. అప్పుడు రైల్వే క్వార్టర్ల వైపు చేపలమ్మబోయి, అక్కడి గార్డుగారు పెరట్లో కుర్చీ వేసుకు కూచుని గాలి తుపాకితో పందికొక్కుని కొట్టడం చూసింది. మందు లేదు, పొగ లేదు. గొట్టం మధ్యకి విరిచి శెనగగింజంత సీసపు గుండు పెట్టి, మళ్లీ సర్ది, మీట నొక్కడమే. విజయనగరం బజార్లో దొరుకుతుందన్నాడాయన.

"తుపాకా?" అంది దానమ్మ గుండె మీద చెయ్యేసుకుని. దానమ్మ కూడా చేపల గంప మోసేదే. కూర్మమ్మకి వరసకి ఆడపడుచు, ఊళ్లో ఉన్న ఏకైక చుట్టం. "ఒదినా, నీకు మతి పోనాదా? కొండల్లో గొడవలు అవుతన్నాయి. తుపాకి పేరెత్తితే ఒట్టుకుపోతన్నారు."

ఆ మాట నిజమే. కొండల్లో గిరిజనులు తమ భూమి తమకిమ్మని తిరగబడుతున్న రోజులవి. కింద ఊళ్లలో ఆస్తి ఉన్నవాళ్లు సీమటపాకాయ పేలినా తలుపులు వేసుకుంటున్నారు.

"నాను కొండెక్కుతన్నానేటి? పెరట్లో కూకుంతాను. నువ్వొస్తే రా, నేకపోతే నేదు."

దానమ్మ వచ్చింది. పాసింజరెక్కి ఇద్దరూ విజయనగరంలో దిగారు.

సైకిళ్లూ టార్చిలైట్లూ అమ్మే కొట్టది. లోపల అద్దాల బీరువాలో గాలి తుపాకులు. గుమ్మంలో ఇద్దరు పల్లె ఆడవాళ్లని చూసి కొట్టాయన కూచున్నచోటు నుంచే "చేపలొద్దమ్మా" అన్నాడు.

"అమ్మడానికి రానేదు. తుపాకి కొనడానికొచ్చినాను."

ఆయన వాళ్ల వెనక ఎవరైనా ఉన్నారేమోనని తొంగి చూశాడు. "మొగాళ్లెవరూ రాలేదా?"

"మొగుడు సముద్రంలో ఉన్నాడు. ఎంత పిలిసినా రాడు. తుపాకి సూపించండి."

కొట్టాయన ముందు తేలికపాటిది తీశాడు. గొట్టం లోపల నున్నగా ఉంటుందట. గుండు ఎటు పోతుందో దానికే తెలియదు, దూరమూ పోదు. పిల్లలు ఆడుకునేది. కూర్మమ్మ దాన్ని చేత్తో ఎత్తి చూసి, "దీంతో కొడితే పందికొక్కు ఈపు గోకించుకుంతాది" అని వెనక్కిచ్చేసింది.

రెండోది బరువైనది. స్ప్రింగు వంచడానికే మోకాలు ఆనించాలి. "దీని దెబ్బకి రెండు డబ్బారేకులు దూసుకుపోతాయి" అన్నాడాయన గర్వంగా.

"గోడవతల మనిషి కాలు?"

"తగిలితే దూరుతుంది మరి."

"అయితే ఒద్దు. మా ఈది ఇరుకు. గోడకవతల గుంటలు గోళీలాడుకుంతారు. పందికొక్కు సావాల, అక్కడితో గుండు ఆగాల. ఇంకోటి సూపించండి."

మూడోది ఆమె అడిగినలాంటిదే. గొట్టం లోపల మెలితిరిగిన గాడులున్నాయి, గుండు తిన్నగా పోతుంది. పందికొక్కుని పడగొడుతుంది, తాటి దూలంలో దిగి ఆగిపోతుంది. కొట్టు వెనక ఇసక బస్తాకి ఒక అగ్గిపెట్టె గుచ్చి, కొట్టి చూసుకోమన్నాడు. కూర్మమ్మ గార్డుగారు కూచున్నట్టే కూచుని, ఒక కన్ను మూసి, మీట నొక్కింది. గుండు అగ్గిపెట్టె కింద దిగింది. మళ్లీ నొక్కింది. మళ్లీ కిందే.

"గొట్టం వంకర" అని తేల్చేసింది.

కొట్టాయనకి రోషం వచ్చింది. తనే తుపాకి తీసుకుని పేల్చాడు. అగ్గిపెట్టె ఎగిరిపడింది.

"మీకు వంకర తుపాకి అలవాటైపోనాది. అదిగో, ఆ మూలనున్నదేటి?"

మూలన ఉన్నదీ అదే రకం. అటక మీది నుంచి పడి, గొట్టం చివర గురి చూసుకునే ముక్క వంగిపోయింది. "అది పనికిరాదమ్మా. పైకి కొట్టేస్తుంది" అన్నాడాయన. కూర్మమ్మ వినలేదు. ఇంకో అగ్గిపెట్టె పెట్టించింది. పేల్చింది, అగ్గిపెట్టె ఎగిరింది. ఇంకోటి పెట్టమంది, అదీ ఎగిరింది. కొట్టాయన ఆ తుపాకి లాక్కుని పేలిస్తే గుండు పైనున్న దూలంలో దిగింది.

తిరకాసు తుపాకిలో సగం, ఆమె చేతిలో సగం ఉంది. మొగలో చేపలు పొడిచిన చెయ్యి పొడి నేల మీద కూడా కిందికే వాలుతోంది. పైకి కొట్టే తుపాకి ఆ వాలుని సరిచేస్తోంది. తిన్నని తుపాకి ఆమెకి వంకర, వంకరది తిన్నన. ఈ మాట ఆ తర్వాత గార్డుగారు ఎంత విడమర్చి చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. "కొట్టాయన మంచిది ఎవులికీ అమ్మకుండా మూల దాసినాడు, నాను ఒట్టీసినాను" అనేది.

"దీనికి లైసెన్సు గట్రా?" అడిగింది లేవబోతూ.

"గాలి తుపాకికి అక్కర్లేదు. చట్టంలోనే ఉంది."

"సట్టంలో ఉన్నాదంట, ఇన్నావా దానమ్మా?"

"ఇన్నాను. సట్టానికి మనం తెలుసో నేదో మరి" అంది దానమ్మ.

తిరుగు రైల్లో గోనెపట్టాలో చుట్టిన తుపాకి గొట్టం కాస్త బయటికి కనిపించేసరికి, ఎదురు బల్ల మీద కాళ్లు చాపుకున్న ఆసామి కాళ్లు ముడుచుకుని, చీపురుపల్లిలో దిగి పెట్టె మారిపోయాడు. ఇద్దరూ ఆమదాలవలస దాకా కాళ్లు చాపుకుని వచ్చారు.

మర్నాటి నుంచి కూర్మమ్మ సాయంత్రం పూట పెరట్లో పీట వేసుకుని గోదాము గోడ కన్నానికి ఎదురుగా కూచునేది. మొదటి పందికొక్కు పడిన రోజు వీధిలో అందరూ వచ్చి చూశారు. నాలుగైదు పడ్డాక చూడ్డానికి రావడం మానేశారు. చాపల మీది చేప చాపల మీద ఉంటోంది. ఆమె సరుకు బాగుందని సాలూరు లారీల వాళ్లు మళ్లీ ఆగడం మొదలెట్టారు.

నరసింగరావుకి మాత్రం నిద్ర పట్టలేదు. పందికొక్కులు చచ్చినందుకు కాదు. పల్లెది ఒకతె రోజూ తన గోదాము వైపు తుపాకి పెట్టి కూచుంటోంది. తాను ఊరవతలికి పొమ్మన్న మనిషి పోకపోగా తుపాకి తెచ్చుకుంది. ఆ రోజుల్లో ఆయన లాంటి వాళ్లకి ఇది చాలు. పోలీసు స్టేషనుకి కబురు పెట్టాడు.

హెడ్డు కానిస్టేబులు జోగయ్య పొద్దున్నే వచ్చాడు. వెనక నరసింగరావు. వాళ్ల వెనక వీధి జనం. అప్పుడే రేషను కొట్టు దగ్గర నిలబడి, సరుకు రాలేదంటే ఖాళీ సంచులతో తిరిగొస్తున్న వాళ్లు.

"ఏమే, తుపాకి పెట్టావట. తియ్యి" అన్నాడు జోగయ్య.

కూర్మమ్మ తెచ్చి పీట మీద పెట్టింది. "లైసెన్సు అక్కర్నేదంట. సట్టంలో ఉన్నాది."

"చట్టం నాకు చెబుతావా?"

"మీకు తెలుసుననే సెప్తన్నాను. తెలీనోడికి సెప్తే ఏటి లాబం?"

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. జోగయ్య చెడ్డవాడు కాదు. పైవాళ్లకి భయపడేవాడు, అంతే. తుపాకి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎంత దెబ్బ తీస్తుందో చూద్దామని గోడ మీద కొబ్బరి చిప్ప పెట్టించి పేల్చాడు. గుండు ఎక్కడికో పోయింది. మళ్లీ పేల్చాడు. ఈసారి గోదాము కప్పు మీద పెంకు టిక్కుమంది. "ఇలా తే" అని నరసింగరావు అందుకున్నాడు. ఆయన గుండుకి ఇంకో పెంకు పగిలింది. జనం గొల్లుమన్నారు.

జోగయ్యకి దారి దొరికింది. తుపాకి పీట మీద పడేసి, "ఇదేం తుపాకి బావూ! పిల్లలాడుకునే బొమ్మ. ఉంచుకోనివ్వండి" అన్నాడు. నరసింగరావు కూడా నవ్వాడు. "నిజమేలే. పల్లెదాని ముచ్చట! బొమ్మతో ఆడుకోనీ."

దానమ్మ ఆమె మోచేయి గిల్లింది. "ఒదినా, గండం గడిసినాది. తీసుకుని లోపలికి పద."

అప్పుడు తలొంచుకుని లోపలికి వెళ్లిపోతే సరిపోయేది. చాలామంది అదే చేస్తారు, చేసి బతికిపోతారు. వాళ్లని తప్పు పట్టడానికి మనమెవరం? కానీ కూర్మమ్మకి అన్న చెప్పిన "పడుండు" ఎలా వినిపించిందో "ఆడుకోనీ" కూడా అలాగే వినిపించింది. ఈ రోజు ముచ్చటపడి వదిలేసినవాడు, రేపు ముచ్చట తీరాక వచ్చి పట్టుకుపోతాడు. అప్పుడు చట్టం అంటే ఎవరు వింటారు? బొమ్మకి చట్టమేమిటి?

"బొమ్మ కాదు" అందామె.

"ఏటే?" అన్నాడు జోగయ్య.

"బొమ్మ కాదు, తుపాకి. తుపాకి అనే కొన్నాను."

గొట్టం విరిచి గుండు పెట్టింది. పీట మీద కూచుంది. గోడ మీది కొబ్బరి చిప్ప ఎగిరి రెండు ముక్కలైంది. నవ్వులు ఆగిపోయాయి. దానమ్మ కళ్లు మూసుకుంది.

"చూశావా హెడ్డూ!" నరసింగరావు గొంతు పెరిగింది. "చూశావా గురి! పల్లెదానికి ఈ గురి ఎవడు నేర్పాడు? పట్టుకెళ్లు ముందు. తుపాకీ దాన్నీ కూడా!"

జోగయ్య పీట దగ్గరికి వచ్చాడు. చెయ్యి చాచాడు. "ఇలా ఇచ్చెయ్యవే తల్లీ. నా మీదకి తేకు."

కూర్మమ్మ తుపాకి ఒళ్లో పెట్టుకుని లేవకుండానే అంది. "ఇచ్చేస్తాను హెడ్డు బావూ. దీంతో నాకేటి పని, పందికొక్కులు నేకపోతే? ఆ గోదాం తలుపు తీయించండి. లోపల పందికొక్కుల గూడు తవ్వించండి. అవన్నీ సచ్చిన్నాడు నానే ఈ తుపాకి నాగావళిలో ఇసిరేస్తాను. ఈళ్లందరూ సాచ్చికం."

జోగయ్యకి ఆ మాట న్యాయంగానే తోచింది. ఎటు చూసినా పని తేలిగ్గా తెమిలిపోయేలా ఉంది. నరసింగరావు వైపు తిరిగి, ఏ కపటమూ లేకుండా, "పోనీ బావూ, ఓసారి తెరిపించండి. ఖాళీ గోనెలే గదా. మన జవాన్లని పిలిచి తవ్వించేద్దాం" అన్నాడు.

నరసింగరావు ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఖాళీ సంచులు పట్టుకున్నవాళ్లందరూ మొదట ఆయన మొహం చూశారు. తర్వాత గోదాము తలుపు చూశారు. గోడ కింది కన్నం దగ్గర, కూర్మమ్మ కొట్టిన పందికొక్కులు ఈడ్చుకొచ్చి పోసిన వడ్లు కొన్ని మట్టిలో పచ్చగా మెరుస్తున్నాయి. ఒక ముసలామె వంగి నాలుగు గింజలు ఏరి, అరచేతిలో నలిపి ఊక ఊది, బియ్యం గింజలు నోట్లో వేసుకుంది.

"తాళంచెవి... శ్రీకాకుళంలో ఉండిపోయింది" అన్నాడు నరసింగరావు.

"తెప్పించండి. ఇక్కడే కూకుంతాం" అంది కూర్మమ్మ.

"ఆఁ, కూకుంతాం" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఒకళ్లిద్దరు సంచులు కింద పరుచుకుని కూచున్నారు కూడా.

అప్పుడు జోగయ్యకి అర్థమైంది. ఆయన మెల్లిగా టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. నరసింగరావు కండువా సర్దుకుని, "పోనీలే హెడ్డూ. గాలి తుపాకికి లైసెన్సు అక్కర్లేదేమో. చిన్న విషయానికి వీధిలో ఈ రచ్చ దేనికి?" అని వెనక్కి తిరిగాడు.

"పోనీలే కాదు బావూ" అంది కూర్మమ్మ. "హెడ్డు బావు నోటితో సెప్పాల. అందరూ ఇనాల. ఇదేటి?"

జోగయ్య అటు చూశాడు, ఇటు చూశాడు. "తుపాకే. గాలి తుపాకి. లైసెన్సు అక్కర్లేదు" అన్నాడు. ఆ తర్వాత తనలో తను గొణుక్కున్నాడు, "నా గురే బాగులేదు."

గోదాము ఎప్పుడు ఖాళీ అయిందో ఎవరూ చూడలేదంటారు. నిజానికి అందరూ చూశారు. వీధి కళ్లు దాని మీద పడ్డాక ఇక అక్కడ ఉంచడానికి నరసింగరావుకి ధైర్యం చాల్లేదు. కొంత లెవీకి తోలాడు, కొంత ఎటు తోలాడో ఆయనకే తెలియాలి. తిండి పోయిన పందికొక్కులు మాత్రం బళ్లెక్కి పోలేదు. వీధి మీద పడ్డాయి. వంటింటి గోడల్లో, బియ్యం కుండల కింద, పెరటి అరుగుల్లో గూళ్లు పెట్టాయి. చేపల వాసనని తిట్టిన నోళ్లే "కూర్మమ్మా, ఓసారి మా పెరట్లోకి రావా" అని పిలవడం మొదలెట్టాయి. ఆమె తల మీద చేపల గంప, భుజాన తుపాకితో ఇంటింటికీ వెళ్లేది. చేపలకి డబ్బు తీసుకునేది, పందికొక్కులకి తీసుకునేది కాదు.

ఒక సాయంత్రం నరసింగరావు తల్లి లక్ష్మణమ్మ పక్క సందులోంచి పిలిచింది. పూజగదిలో దూరిందట ఒకటి, పట్టుచీరలు కొరికేస్తోందట.

"దొడ్డి తలుపు తీసుంచానే కూర్మమ్మా. ఇటునుంచి ఇటే వచ్చి కొట్టేసి పో. ఎవరూ చూడకుండా."

కూర్మమ్మ వీధిలోనే ఆగింది. గంప దించి దానమ్మకిచ్చింది.

"ఈది తలుపు తియ్యండమ్మా. వరండాలోంచి వస్తాను."

"అదేటే, వరండాలో మావాడున్నాడు!"

"ఉండనీండి. నాకు అడ్డం నేడు."

లక్ష్మణమ్మ సందులోంచి వీధిలోకి అటూ ఇటూ చూసింది. లోపల ఏదో గుడ్డ పర్రున చిరిగిన చప్పుడైంది. ముసలామె గబగబా లోపలికి వెళ్లింది. కాసేపటికి వీధి తలుపు గడియ తీసిన చప్పుడు వినిపించింది. కూర్మమ్మ కాళ్ల మట్టి మెట్టు మీద దులుపుకుని, తుపాకి భుజాన సర్దుకుని, నరసింగరావు పడక్కుర్చీ పక్కనుంచి లోపలికి నడిచింది.